యోగా క్లాసులో చేరే ముందు, చేరాక మీరు అడిగే ప్రశ్నలు: నా శిక్షణ, నేను నేర్పే పద్ధతి

విశాఖపట్నంలో పొద్దున, సాయంత్రం యోగా నేర్పుతాను. కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఫోన్లో, వాట్సాప్‌లో అవే సందేహాలు వస్తుంటాయి. వాటన్నిటికీ తీరిగ్గా జవాబులు రాసి ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మీరు నా దగ్గర కాకుండా ఇంకెక్కడ చేరినా సరే, ఆ టీచర్‌ని కూడా ఇవే అడగండి. అడగడం మీ హక్కు.

## చేరకముందు

మేడమ్, మీరు యోగా ఎక్కడ నేర్చుకున్నారు? మొదటి నుంచీ ఇదే పనా?

కాదండీ. మొదట హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పిల్లలు పిలిచినట్టు చెప్పాలంటే డ్రిల్ టీచర్ని. ఆ ఉద్యోగంలో ఉండగానే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యోగా పీజీ డిప్లొమా చేశాను. తర్వాత బెంగళూరు దగ్గర జిగణిలో ఎస్-వ్యాస అనే యోగా విశ్వవిద్యాలయం వాళ్ల ప్రశాంతి కుటీరంలో ఉండి ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేశాను.

డ్రిల్‌లో వందమంది పిల్లలు ఒకే లెక్కకు ఒకేసారి చెయ్యి ఎత్తాలి. అక్కడ అందం అదే. యోగాలో ఒక్కొక్కరి ఊపిరి పొడవు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి అందరినీ ఒకే లెక్కలో పెట్టకూడదు. ప్రశాంతి కుటీరంలో నేర్పే ఆవర్తన ధ్యానంలో కొంచెం శ్రమ, వెంటనే కొంచెం విశ్రాంతి, మళ్లీ శ్రమ అలా సాగుతుంది. విశ్రాంతి కూడా సాధనలో భాగమేనని నాకు అక్కడే ఒంటికి పట్టింది. నా క్లాసులో ప్రతి రెండు మూడు ఆసనాలకూ ఒకసారి పడుకోబెట్టేది అందుకే.

మీకు గవర్నమెంట్ సర్టిఫికెట్ ఉందా? అసలు యోగా నేర్పడానికి లైసెన్స్ ఉండాలా?

మన దేశంలో యోగా నేర్పడానికి తప్పనిసరి లైసెన్సు ఏదీ లేదు. బోర్డు పెట్టుకుని ఎవరైనా మొదలుపెట్టవచ్చు. అందుకే చేరేవాళ్లు అడిగి తెలుసుకోవాలి.

ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది, వైసీబీ అంటారు. రాతపరీక్ష, ప్రాక్టికల్ పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. ప్రాక్టికల్‌కే ఎక్కువ మార్కులు. మొదటి మెట్టు యోగా ప్రొటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, తర్వాత యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, ఆపైన యోగా టీచర్ అండ్ ఎవాల్యుయేటర్, చివరిది యోగా మాస్టర్. నేను రెండో మెట్టు పాసయ్యాను. సర్టిఫికెట్ హాల్లోనే గోడకు పెట్టాను, చూడవచ్చు.

సర్టిఫికెట్ ఉంటే ఆ టీచర్ కొంత సిలబస్ చదివారని, పరీక్షలో నిలబడ్డారని తెలుస్తుంది. మీ మోకాలి నొప్పి విని ఆసనం మార్చి చెప్పగలరో లేదో తెలియాలంటే మాత్రం ఒక రోజు క్లాసుకు వచ్చి చూడాల్సిందే.

ఆర్‌వైటీ 200, ఆర్‌వైటీ 500 అని రాసుకుంటారు కదా, అవేమిటి?

అవి అమెరికాలోని యోగా అలయన్స్ అనే సంస్థ రిజిస్ట్రేషన్లు. 200 గంటల శిక్షణ పూర్తి చేసినవాళ్లు ఒకటి, 500 గంటలు చేసినవాళ్లు మరొకటి పెట్టుకుంటారు. ఆ సంస్థ శిక్షణ ఇచ్చే స్కూళ్లను నమోదు చేసుకుంటుంది. ఒక్కో టీచర్‌నీ ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించదు. విదేశాల్లో స్టూడియోలు దీన్ని అడుగుతాయి కాబట్టి అక్కడ నేర్పాలనుకునే తెలుగువాళ్లకు పనికొస్తుంది. మన ఊళ్లో నేర్పడానికి దీనితో పని లేదు.

మీరు నేర్పేది ఏ పద్ధతి? అయ్యంగారా, అష్టాంగమా, పవర్ యోగానా?

ఒక్క పేరు చెప్పడం కష్టం, కానీ మూలం చెప్పగలను. ఇవాళ ప్రపంచంలో కనిపించే ఆసన పద్ధతుల్లో చాలావాటి వెనుక ఒకే గురువు ఉన్నారు: తిరుమలై కృష్ణమాచార్య. 1930లలో మైసూరు మహారాజా ఆదరణతో రాజప్రాసాదంలో యోగశాల నడిపారు. పట్టాభి జోయిస్, బి.కె.ఎస్. అయ్యంగార్, విదేశం నుంచి వచ్చిన ఇంద్రాదేవి అందరూ ఆయన శిష్యులే. అక్కడ చురుకైన కుర్రవాళ్లకు నేర్పిన వేగమైన వరసల్లోంచి జోయిస్ అష్టాంగ విన్యాసం సాగింది. అయ్యంగార్ పుణెలో ఒక్కో ఆసనంలో ఎక్కువసేపు నిలబడడం, తాళ్లు, చెక్కదిమ్మెలు, కుర్చీల సాయం తీసుకోవడం అభివృద్ధి చేశారు. తర్వాతి కాలంలో మద్రాసులో కృష్ణమాచార్య ఎక్కువగా ఒక్కొక్కరికీ విడిగా, వాళ్ల వయసు, జబ్బు, ఊపిరి చూసి నేర్పారు. కుమారుడు దేశికాచార్ 1976లో అక్కడే కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించారు.

ఒకే గురువు ఇంత వేర్వేరుగా నేర్పారంటే కారణం ఎదుట ఉన్న మనిషే. నేను నమ్మేది ఈ మద్రాసు రోజుల పద్ధతిని. కుర్చీ, బెల్టు, దుప్పటి వాడకం అయ్యంగార్ దారి నుంచి తీసుకున్నాను. పవర్ యోగా నేర్పను.

మేం క్రైస్తవులం. ఓంకారం, శ్లోకాలు తప్పనిసరిగా చెప్పాలా?

తప్పనిసరి కాదండీ. క్లాసు మొదట్లో ఒక ప్రార్థన ఉంటుంది. ఇష్టమైనవాళ్లు చెబుతారు, మిగతావాళ్లు కళ్లు మూసుకుని మౌనంగా కూర్చుంటారు. తమ ప్రార్థన మనసులో చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. భ్రామరి అనే ప్రాణాయామంలో వచ్చేది తుమ్మెద ఝంకారం లాంటి శబ్దం మాత్రమే, ఏ మంత్రమూ ఉండదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వాళ్లు నా బ్యాచ్‌ల్లో ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు ఇబ్బంది కలిగితే ఆ బాధ్యత నాదే, మొహమాటం లేకుండా చెప్పండి.

జూన్ 21న బీచ్‌లో చేసినదే రోజూ చేస్తే చాలదా?

2025లో ఆర్కే బీచ్‌లో ప్రధానమంత్రి వచ్చి చేసిన యోగా దినోత్సవం తర్వాత ఈ ప్రశ్న చాలామంది అడిగారు. అక్కడ చేయించేది కామన్ యోగా ప్రొటోకాల్, 45 నిమిషాలు. మెడ, భుజాలు, నడుం, మోకాళ్లను వదులు చేసే కదలికలు, తాడాసనం నుంచి శవాసనం దాకా తేలికైన ఆసనాలు, కపాలభాతి, నాడీశోధన, శీతలి, భ్రామరి అనే ఊపిరి సాధనలు, ధ్యానం ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రోజూ చేసుకోవడానికి చక్కటి వరస. శిక్షణ లేనివాళ్లు కూడా చేయగలిగేలా దాన్ని తయారుచేశారు. ఏదైనా నొప్పి, జబ్బు ఉంటే మాత్రం అందులో మీరు ఏవి వదిలేయాలో ఒకసారి తెలిసినవాళ్లను అడగండి.

## మొదటి నెల

పొద్దున్నే కాఫీ తాగకుండా రాలేను. పర్వాలేదా?

చిన్న గ్లాసుతో తాగి అరగంట ఆగి రండి. టిఫిన్ మాత్రం క్లాసు అయ్యాకే. సాయంత్రం బ్యాచ్ వాళ్లు భోజనానికి, క్లాసుకు మధ్య మూడు నాలుగు గంటలు ఉండేలా చూసుకోవాలి.

నాకు అరవై దాటాయి. కింద కూర్చుంటే లేవలేను. నేనేం యోగా చేస్తానమ్మా?

తప్పకుండా చేయగలరు. కుర్చీలోనే సగం క్లాసు చేయించవచ్చు. చేతులు లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి వేస్తాను. కాలి వేళ్లు, మడమలు, మోకాళ్లు, తుంటి, మణికట్టు, భుజాలు వరసగా కదిలించడంతో మొదలు. బిహార్ యోగ విద్యాలయం వాళ్లు వీటినే పవనముక్తాసన వరస అని చాలా పద్ధతిగా నేర్పుతారు. తర్వాత గోడ పట్టుకుని తాడాసనం, ఒంటి కాలి మీద నిలబడడం. పెద్దవయసులో పడిపోవడం పెద్ద భయం కదా, అందుకే నిలకడ పెంచేవాటికి నేను ఎక్కువ సమయం ఇస్తాను. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం కూడా రోజూ చేయిస్తాను. చూడటానికి అది ఆసనంలా ఉండదు, కానీ బాత్రూమ్‌లో, బస్సులో మీకు అక్కరకొచ్చేది అదే.

ఆరు నెలలైనా పద్మాసనం రాలేదు. నా ఒళ్లు మొండిదా, నేర్పడంలో లోపమా?

రెండూ కాకపోవచ్చు. ఈ ఒక్క విషయం మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోకాళ్లు పాడుచేసుకుంటున్నారు.

పద్మాసనంలో పాదం ఎదుటి తొడ మీదకు రావాలంటే తొడ ఎముక తుంటి గిన్నెలో బయటివైపు బాగా తిరగాలి. ఆ గిన్నె లోతు, అది చూసే దిక్కు, తొడ ఎముక మెడ వంపు మనిషి మనిషికీ తేడా. కండరాలు బిగుసుకుపోయి ఉంటే సాధనతో వదులవుతాయి. ఎముకకు ఎముక తగిలి ఆగిపోతే ఎన్నేళ్లు చేసినా ఆ కోణం మారదు. తుంటి తిరగనప్పుడు మనం పాదాన్ని చేత్తో లాగి పెడితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. మోకాలు ప్రధానంగా మడిచి చాచే కీలు, మెలి తిప్పడం దానికి పడదు. కీలు లోపల మెత్తలా ఉండే గుజ్జు (మెనిస్కస్), పక్కనున్న స్నాయువులు దెబ్బతింటాయి.

తేడా ఇలా పట్టుకోవచ్చు. తొడ లోపలి భాగంలోనో పిరుదు పక్కనో లాగినట్టు ఉంటే అది కండరం, ఓపికగా కొనసాగించండి. గజ్జ దగ్గర గట్టిగా ఏదో అడ్డు తగిలినట్టుంటే అక్కడితో ఆపండి. మోకాలి లోపల ఏ కొంచెం నొప్పి వచ్చినా వెంటనే కాలు విప్పేయండి, ఇందులో మొహమాటం వద్దు.

పతంజలి ఆసనానికి చెప్పింది రెండే లక్షణాలు: స్థిరసుఖమాసనమ్. స్థిరంగా, సుఖంగా ఉండాలి. దుప్పటి మడత మీద సుఖాసనంలో నిటారుగా పది నిమిషాలు కదలకుండా కూర్చోగలిగితే ధ్యానానికి అది చాలు. నా విద్యార్థుల్లో బాగా సాధన చేసేవాళ్లలో కొందరికి ఇప్పటికీ పద్మాసనం రాదు. వాళ్లను నేను ఎప్పుడూ వెనకబడ్డవాళ్లుగా చూడలేదు.

మీరు చేసి చూపించరెందుకు? నోటితో చెబుతూ తిరుగుతుంటారు!

కొత్త ఆసనం ఒకసారి చేసి చూపిస్తాను. ఆ తర్వాత లేచి మీ మధ్య తిరుగుతాను. నేను చాప మీద ఉంటే మీ కళ్లు నా మీద ఉంటాయి, నా ఒంటిని అనుకరించడానికే చూస్తారు. నాకేమో మీ ఎవరి ముఖమూ కనబడదు. ముఖం చాలా చెబుతుంది. దవడ బిగించారా, ఊపిరి బిగబట్టారా, నుదురు ముడిపడిందా అని చూస్తాను. ఊపిరి తెగినట్టు అనిపిస్తే ఆసనం ఎంత అందంగా ఉన్నా సగానికి తగ్గించమంటాను.

తప్పు చేస్తే చేత్తో పట్టి సరిచేస్తారా?

అడగకుండా ముట్టుకోను. ముందు మాటతో చెబుతాను, తర్వాత గోడ, బెల్టు, దిమ్మె సాయం ఇస్తాను. అప్పటికీ అవసరమైతే "పట్టుకోవచ్చా?" అని అడుగుతాను. వద్దంటే వద్దే, కారణం చెప్పనక్కర్లేదు. బలంగా నొక్కడం, వీపు మీద కూర్చోవడం, కాళ్లు లాగడం లాంటివి నా క్లాసులో ఉండవు. ఇంకెక్కడైనా టీచర్ అలా చేస్తుంటే, మీకు ఇబ్బందిగా అనిపిస్తే, ఆ క్షణమే ఆపమని చెప్పండి. గురువుగారు కదా అని ఊరుకోవద్దు.

మొదటి రోజే సూర్యనమస్కారాలు ఎందుకు మొదలుపెట్టరు?

పన్నెండు స్థితుల్లో ముందుకు వంగడం, వెనక్కి వంగడం, చేతుల మీద బరువు మోయడం అన్నీ వేగంగా వచ్చేస్తాయి. ఒక్కోటీ విడిగా నేర్చుకోకుండా వరసలో పెడితే నడుం, మణికట్టు నొప్పులు వస్తాయి. మొదట భుజంగాసనం, పర్వతాసనం, అశ్వసంచలనం విడివిడిగా నేర్పి, ఊపిరి కలిపి, అప్పుడు గొలుసులా కలుపుతాను. రథసప్తమికి 108 చేద్దామని అడిగేవాళ్లు కనీసం మూడు నెలల ముందు నుంచి పెంచుకుంటూ రావాలి.

శవాసనంలో గురక పెట్టి నిద్రపోతున్నాను, సిగ్గుగా ఉంది.

సిగ్గెందుకండీ, రాత్రి నిద్ర చాలడం లేదన్నమాట. పడుకోండి. కొన్ని వారాల్లో మెలకువగా ఉండి విశ్రాంతి తీసుకోవడం అలవాటవుతుంది.

## ఒంట్లో బాగాలేనివాళ్లు

చేరేటప్పుడు బీపీ, షుగర్, ఆపరేషన్లు అన్నీ ఎందుకు రాయమంటారు?

ఏది చేయించకూడదో తెలియడానికి. బీపీ అదుపులో లేనివాళ్లకు తల కిందులయ్యే ఆసనాలు, ఊపిరి బిగబట్టడం ఉండవు. గ్లకోమా, రెటీనా సమస్య ఉన్నవాళ్లకు కూడా తల కిందికి పెట్టనివ్వను, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. డిస్క్ జారినవాళ్లు వీపు గుండ్రంగా చేసి ముందుకు వంగకూడదు. హెర్నియా, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకు కపాలభాతి వద్దు. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు చెమట, వణుకు వస్తే వెంటనే చెప్పాలి, చక్కెర దగ్గర ఉంచుకోవాలి. మీరు రాసింది నా దగ్గరే ఉంటుంది, బ్యాచ్‌లో ఎవరికీ చెప్పను.

సర్వాంగాసనం చేస్తే థైరాయిడ్ మాత్ర మానేయవచ్చంటారు. నిజమా?

మానేయకండి. థైరాయిడ్ తక్కువగా ఉండటానికి చాలామందిలో కారణం, శరీరమే తన గ్రంథి మీద దాడి చేయడం. మెడ వంచి ఆ గ్రంథి మీద ఒత్తిడి పెడితే అది ఆగదు. యోగా వల్ల అలసట, టెన్షన్, నిద్ర మెరుగుపడతాయి, అది చిన్న విషయం కాదు. డోసు మార్చాల్సింది రక్తపరీక్ష చూసి డాక్టరే. పరగడుపున మాత్ర వేసుకుని నేరుగా క్లాసుకు రండి, అయ్యాక కాఫీ తాగితే ఆ వ్యవధి కూడా సరిపోతుంది.

టీవీలో చూసి రోజూ వెయ్యి కపాలభాతి చేస్తున్నాను. మంచిదేనా?

ఎన్ని చేశారన్నది నాకు ముఖ్యం కాదు. పొట్ట లోపలికి లాగి ఊపిరి బయటికి కొట్టడం మన పని, లోపలికి దానంతటదే రావాలి. ఛాతీ, భుజాలు ఎగరకూడదు. వేగంగా, ఎక్కువసేపు చేస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గి తల తిరగడం, వేళ్లు తిమ్మిర్లెక్కడం జరుగుతుంది. చాలామంది దాన్ని శక్తి వచ్చిందనుకుంటారు. నేను ముప్పై నలభైతో మొదలుపెట్టి, మధ్యలో మామూలు ఊపిరితో విశ్రాంతి ఇచ్చి, మూడు విడతలు చేయిస్తాను. బీపీ, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు చేయకూడదు. నెలసరి రోజుల్లో ఆపండి.

నాకు నాలుగో నెల. చేరవచ్చా?

మీ డాక్టర్ సరే అంటే చేరవచ్చు. మొదటి మూడు నెలల్లో కొత్తవాళ్లను తీసుకోను. బోర్లా పడుకునేవి, పొట్ట నొక్కేవి, లోతుగా మెలితిప్పేవి, కపాలభాతి, ఊపిరి బిగబట్టడం ఉండవు. గోడ ఆసరాతో నిలబడేవి, భద్రాసనం, పక్కకు తిరిగి దిండ్లతో విశ్రాంతి, భ్రామరి ఉంటాయి. రక్తం కనబడినా, నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా క్లాసుకు కాదు, ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు యోగా థెరపీ కూడా చేస్తారా?

లేదు. నేను టీచర్ని. జబ్బుకు చికిత్సగా యోగా కావాలంటే బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివిన డాక్టర్ల దగ్గరికి పంపుతాను. అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల డిగ్రీ, హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో ఉంది. పదిహేను రోజుల్లో షుగర్ పూర్తిగా తగ్గిస్తామని చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లవద్దని చేతులు జోడించి చెబుతాను.

## సాధన సాగుతున్నప్పుడు

యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకుంటే సరిపోదా?

ఒకసారి నేర్చుకున్నదాన్ని గుర్తు చేసుకోవడానికి బాగుంటుంది. వీడియో మీకు కనబడుతుంది, మీరు వీడియోకి కనబడరు, ఇబ్బంది అక్కడే. కనీసం కొన్ని నెలలు ఎవరి ఎదుటైనా చేయండి.

మేం డల్లాస్‌లో ఉంటాం. ఆన్‌లైన్‌లో నేర్పుతారా?

నేర్పుతాను. ఇక్కడ పొద్దున 6 గంటలంటే మీకు ముందురోజు సాయంత్రం 7:30, చలికాలంలో 6:30. భోజనం క్లాసు అయ్యాకే పెట్టుకోండి. ఫోన్ ఎదురుగా కాకుండా పక్కవైపు, మనిషి తల నుంచి పాదం దాకా పట్టేంత దూరంలో పెట్టాలి. వెన్నెముక వంపు పక్కనుంచే తెలుస్తుంది. కెమెరా ఆపేసి చేస్తామంటే ఒప్పుకోను. శీర్షాసనం, హలాసనం ఆన్‌లైన్‌లో నేర్పను.

శీర్షాసనం ఎప్పుడు నేర్పుతారు?

అందరికీ నేర్పను. మెడ అరుగుదల, బీపీ, కంటి సమస్య, ఎముకలు పలచబడడం ఉంటే అస్సలు వద్దు. మిగతావాళ్లకు ముందు ముంజేతుల మీద బరువు మోసేంత భుజబలం రావాలి, తల మీద వీలైనంత తక్కువ భారం పడాలి. ఫోటో కోసం తొందరపడేవాళ్లను ఇంకొన్నాళ్లు ఆపుతాను.

## టీచర్ కావాలనుకునేవాళ్లు

నెల రోజుల కోర్సు చేస్తే టీచర్ అయిపోవచ్చా?

200 గంటల కోర్సును నెల రోజుల్లోకి కుదించి చాలాచోట్ల పెడుతున్నారు. సర్టిఫికెట్ వస్తుంది. కానీ నేర్చుకున్నది ఒంట్లో ఇంకడానికి ఆ నెల చాలదు. కోర్సులో చేరేముందు మీరు సొంతంగా కనీసం రెండేళ్లు సాధన చేసి ఉండాలని నా అభిప్రాయం. ఫీజు కట్టేముందు వాళ్లను మూడు విషయాలు అడగండి: శరీర నిర్మాణం ఎవరు చెబుతారు, ఒక బ్యాచ్‌లో ఎంతమంది, మీరు నిజమైన మనుషులకు నేర్పే గంటలు ఎన్ని. మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే ఆలోచించండి.

ఏ సంస్థలో చేరమంటారు?

మీ మనసు దేని మీద ఉందో దాన్నిబట్టి. శాస్త్రీయ పరిశోధన ఇష్టమైతే లోనావ్లాలోని కైవల్యధామ. స్వామి కువలయానంద 1924లో స్థాపించి, ఆసనాల మీద, ప్రాణాయామం మీద ప్రయోగశాలలో పరీక్షలు మొదలుపెట్టారు. సంసారుల రోజువారీ జీవితానికి తగిన యోగా కావాలంటే ముంబై శాంతాక్రజ్‌లోని ద యోగా ఇన్‌స్టిట్యూట్, అది 1918 నాటిది. యోగనిద్ర, ఆశ్రమ జీవితం కావాలంటే ముంగేర్‌లోని బిహార్ యోగ విద్యాలయం. ఒక్కొక్కరికీ తగ్గట్టు నేర్పడం తెలుసుకోవాలంటే చెన్నైలోని కృష్ణమాచార్య యోగ మందిరం. మన దగ్గరే ఉండి చదవాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, ఇల్లూ ఉద్యోగమూ ఉన్న ఆడవాళ్లకు నేను మొదట అదే చెబుతాను.

మీ దగ్గరే నేర్చుకుని టీచర్ కావచ్చా?

నేను టీచర్ సర్టిఫికెట్లు ఇవ్వను. కానీ వైసీబీ పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు నా క్లాసులో వెనక కూర్చుని చూడవచ్చు, డబ్బు తీసుకోను. రోజుకు ఒక్క విద్యార్థిని ఎంచుకుని క్లాసంతా ఆ మనిషినే గమనించాలి: ఊపిరి ఎక్కడ ఆగింది, బరువు ఏ కాలి మీద ఉంది, ఏ ఆసనం తర్వాత ముఖం తేటపడింది. పేరు రాయకుండా నోట్‌బుక్‌లో అవి రాసి క్లాసయ్యాక నాకు చూపించాలి. రావాలనుకుంటే ముందురోజు రాత్రి ఒక మెసేజ్ పెట్టండి. ఎవరిని గమనించాలో ఆ మనిషిని ముందుగా అడిగి ఒప్పించి ఉంచుతాను.